బాబాయి బండి దిగిన చలికాలం

మా బాబాయి మందుల చీటీ పట్టుకుని మా షాపు ముందు వరసలో నిలబడేనాటికి చలి అప్పుడే ముదురుతోంది. పొద్దున్నే షట్టరు ఎత్తుతుంటే మనుషులకంటే ముందు దగ్గులు వినపడే రోజులవి.

షాపు బస్టాండుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల ఉండేది. నాది కాదు. ఓనరు అప్పుడప్పుడు వచ్చి అల్మరాలు ఒకసారి కలయజూసి, అద్దం మీద దుమ్ముందని ఒక మాట అనేసి వెళ్ళేవాడు. చీటీ చదవడం దగ్గర్నుంచి మందు చేతిలో పెట్టడం వరకు మిగతాదంతా నా పని. అందులో చదవడం, ఇవ్వడం తేలిక. చెప్పడమే కష్టం. ‘అర్థమైందా’ అని అడిగితే ప్రతివాళ్ళూ తల ఊపుతారు. తల ఊపడానికి అర్థం కానక్కర్లేదు. అందుకని నేను చెప్పిందంతా చెప్పాక, ఇంటికి వెళ్ళి ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పమని అడిగేదాన్ని. అసలు సంగతి అప్పుడు బయటపడేది. గొంతు నొప్పికి మందు తీసుకున్న తాపీమేస్త్రీ ఒకాయన ఎంతో శ్రద్ధగా విని, “జ్వరం తగ్గేదాకా నేను వేసుకుంటాను, మిగిలినవి మా తమ్ముడు వేసుకుంటాడు” అన్నాడు. వాళ్ళ తమ్ముడికి ఏమైందని అడిగితే ఇంకా ఏమీ కాలేదన్నాడు.

కౌంటరు దగ్గర నేను అందరినీ ‘మీరు’ అనేదాన్ని, బడిపిల్లలను కూడా. అలా అంటే వాళ్ళు కాస్త నిటారుగా నిలబడి వింటారు.

బాబాయి కొండ రూటు బస్సు డ్రైవరు. పిన్నీ ఆయనా కలిసి నన్ను పెంచారు. ఇంట్లో పొయ్యి వెలిగేది, తలుపు గడియ పడేది, రేడియో గొంతు తగ్గేది ఆయన డ్యూటీని బట్టే. ఆ రోజు యూనిఫాంలోనే వచ్చాడు. పిన్నికేమైనా కావాలేమో అనుకుని, లోపలికి రమ్మని సైగ చేశాను. తల అడ్డంగా ఊపి, ముందున్నవాళ్ళ వెనకే నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, చిన్న చతురస్రంగా మడిచిన కాగితాన్ని కుడిచేత్తో అద్దం మీదుగా తోశాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

పక్క ఊళ్ళో నరాల డాక్టరు రాసిన చీటీ అది. చదివాను. ఎవరి చీటీ చదివినా నా మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంచడానికి ప్రయత్నించాను.

“ఇలా రండి” అని పక్కనున్న చెక్క గదిలోకి దారి చూపించాను. నలుగురిలో చెప్పకూడని మాటలు చెప్పడానికి కట్టించిన గది అది. ఎదురెదురుగా రెండు కుర్చీలు పడితే ఇక మోకాళ్ళు మడుచుకోవాల్సిందే.

“రండి ఏంటి, కొత్తగా?” అన్నాడు బాబాయి.

“ఇక్కడ అందరూ మీరే.”

డాక్టరు ఏం చెప్పారని అడిగాను. చెయ్యి కాస్త వణుకుతోందనీ, నరాల బలహీనత అనీ అన్నాడు. అది బలహీనత కాదనీ, జబ్బనీ, దానికొక పేరుందనీ, చేతితో ఆగదనీ, నడకనూ వేళ్ళనూ గొంతునూ కూడా మందగింపజేస్తుందనీ డాక్టరు చెప్పే ఉంటాడు. బాబాయి తనకు కావలసినంతే విని వచ్చాడు. మిగతాది నేను చెప్పాను. పూర్తిగా పోయేది కాదని, మందుతో చాలాకాలం అదుపులో ఉంటుందని చెప్పాను. ఆయన గోడమీది గడియారాన్ని చూస్తూ విన్నాడు.

తర్వాత మందు సంగతి. మొదట చిన్న మోతాదు, వారంవారం డాక్టరు రాసినట్టు పెంచుకుంటూ పోవాలి. తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. మంచం మీంచి ఒక్కసారిగా లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి.

“ఇంకొకటి ఉంది. ఈ మందు కొందరికి చెప్పాపెట్టకుండా నిద్ర తెస్తుంది. ఆవలింత కూడా రాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు. అందుకని డాక్టరు మళ్ళీ చూసి సరే అనేదాకా బండి నడపకూడదు.”

నేను అందరినీ అడిగినట్టే తిరిగి చెప్పమన్నాను. ప్రయాణికులకు స్టాపులు చెప్పినంత తేలిగ్గా, వరస తప్పకుండా చెప్పుకొచ్చాడు. మోతాదు, తిండి, వికారం, మంచం. అక్కడ ఆగిపోయాడు.

“ఇంకొకటుంది” అన్నాను.

“విన్నాను.”

“చెప్పండి.”

“విన్నానన్నానుగా.” లేచి నిలబడ్డాడు. “మీ పిన్నికి చెప్పకు.”

“ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది” అన్నాను. అది ఆ గదిలో నేను అందరికీ చెప్పే మాటే.

మందు డబ్బా మీద ఎప్పుడెన్ని వేసుకోవాలో రాసి, కింద పెద్ద అక్షరాలతో ‘బండి నడపరాదు’ అని కూడా రాసిచ్చాను. ఆయన మాత్రల రేకులు బయటికి తీసి జేబులో పెట్టుకుని, ఖాళీ డబ్బా కౌంటరు మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. వాకిట్లో బూట్లు వేసుకుంటుండగా అడిగితే, సెలవు అడిగాననీ, మనుషులు తక్కువగా ఉన్నారనీ, ఎవరో ఒకరు దొరకగానే ఇస్తారనీ చెప్పాడు. చెబుతున్నప్పుడు నా వైపు చూశాడు. నమ్మాను.

పిన్ని ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. ముందుగదిలో మిషను, దాని చుట్టూ నీలం గుడ్డల కుప్పలు. ఎవరి నడుం ఎంతో, ఎవరు ఏడాదిలో ఎంత పొడుగెదిగారో ఆవిడకు కళ్ళతో చూస్తేనే తెలిసిపోయేది. బాబాయిలో మార్పు ఆవిడ కంట్లో పడకుండా ఎలా ఉంటుంది? ఆయన స్నానాలగదిలో ఎక్కువసేపు ఉంటున్నాడు. టీవీ చూస్తూ కూడా ఎడమచెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. ఎప్పుడో మానేసిన సిగరెట్లు మళ్ళీ మొదలుపెట్టాడని పిన్ని అనుమానం. కొన్నాళ్ళు చొక్కాలు వాసన చూసింది. డీజిలు వాసన తప్ప ఏమీ తగల్లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఒక మధ్యాహ్నం నా భోజనం డబ్బా తెచ్చే వంకతో షాపుకు వచ్చింది. కౌంటరు దగ్గర జనం పలచబడేదాకా తూకం మిషను పక్కన నిలబడి, మెల్లగా దగ్గరకొచ్చింది.

“మీ బాబాయి నీ దగ్గరేమైనా మందులు తీసుకుంటున్నాడా?”

“ఎవరు తీసుకున్నా చెప్పను పిన్నీ.”

“ఎవరో పరాయివాళ్ళు అడిగినట్టు చెప్తున్నావే.”

“నీ మందుల గురించి బాబాయి అడిగినా ఇదే చెప్తాను.”

“నాకేం మందులున్నాయి?” అంది. అనేశాక నా మొహంలోకి కాసేపు చూసింది. ఆయన ఏమీ తీసుకోకపోతే, లేదు అని చెప్పడానికి నాకు అడ్డేమిటన్నది ఆవిడకు తట్టిందని నాకు తెలిసింది. డబ్బా మూత బిగించి, చల్లారిపోకముందే తినమని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. సిగరెట్ల మాటా మానేసింది.

కొద్దిరోజులకు ఒక సాయంత్రం దండెం మీది బట్టలు తీసి మడతపెడుతున్నాను. బాబాయి యూనిఫాం చొక్కాల గుండీ కన్నాలన్నీ కాస్త కాస్త వెడల్పయ్యాయి. అంచులు చిరగకుండా అదే రంగు దారంతో, దగ్గరికి పెట్టి చూస్తే తప్ప కనపడనంత సన్నగా కుట్టి ఉన్నాయి. మెడ దగ్గరి కన్నం కూడా. మా ఇంట్లో అంత సన్నగా సూది నడిపే చెయ్యి ఒకటే. చొక్కాలు ఎప్పటిలాగే మడిచి ఆయన బీరువాలో పెట్టాను.

ఇలా ఉండగా మంచు పట్టింది. కొండ రూటులో పొద్దుటి బస్సులు లైట్లు వేసుకుని వెళ్ళి, లైట్లు వేసుకునే తిరిగొచ్చేవి.

బాబాయితో తిరిగే కండక్టరును అందరూ ‘విజిల్’ అనేవాళ్ళు. జేబులో విజిల్ ఉన్నా నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఊదేవాడు. మంచు గొంతులోకి దిగి, ఈల రావడం లేదని మా షాపుకు వచ్చాడు. అల్మరాలో కనపడుతున్న సీసా చూపించి అదిమ్మన్నాడు. అది మగత తెస్తుందని, డ్యూటీలో ఉన్నప్పుడు మంచిది కాదని, వేరేది ఇస్తానని చెప్పాను.

“నేను నిద్రపోతే ఎవరికీ ఏమీ కాదమ్మా” అన్నాడు నవ్వుతూ. “ఓ పదిమంది టిక్కెట్టు లేకుండా దిగిపోతారు, అంతే. నిద్రపోకూడనిది మీ బాబాయి.”

మనిషి మాటకారి. గొంతు బొంగురుపోయినా ఊరుకోలేదు. ఈ మధ్య మీ బాబాయికి పరాకు ఎక్కువైందనీ, స్టాపు దాటాక ఆపుతున్నాడనీ చెప్పాడు. మొన్న బడి దగ్గర అలాగే దాటిపోతే, పిల్లలు సంచులు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చారట. “ఏంటన్నా అంటే, కాలు బ్రేకు మీదకి బద్ధకంగా పోతోందిరా అని నవ్వాడు. మంచు కదా. మంచులో ఎవరికైనా అంతే.” నేనిచ్చిన బిళ్ళలు చప్పరిస్తూ, చేతికున్న గడియారం చూసుకుని రోడ్డు దాటాడు.

నాకు రెండు సంగతులు ఒకేసారి తోచాయి. బాబాయి ఇంకా బండి నడుపుతున్నాడు. అది ఎలాగూ కళ్ళెదుట కనపడుతున్నదే. రెండోది, మందు పనిచేస్తుంటే ఈపాటికి ఆ కాలు చురుకవ్వాలి, బద్ధకించకూడదు. అసలు ఆ మాత్రలు అయిపోయి, మళ్ళీ తీసుకోవడానికి రావలసిన రోజులు దాటిపోయాయి. ఆయన రాలేదు.

సాయంత్రం పిన్ని కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. బాబాయి ముందుగదిలో ఒక్కడే ఉన్నాడు. ఇంట్లో కాబట్టి ఇంటి మాటే మాట్లాడాను. మందు వేసుకుంటున్నావా అని అడిగాను.

“మానేశాను” అన్నాడు.

“ఎందుకు?”

“అది వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుందన్నావు. నిద్ర వచ్చేవాడు బండి నడపకూడదన్నావు. అందుకే మందు మానేశాను. నువ్వు చెప్పినట్టే కదా చేశాను?”

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. చెప్పిన జాగ్రత్త ఒక మనిషి లోపలికి వెళ్ళి ఎలా తిరగబడుతుందో అంతకుముందు కౌంటరు దగ్గర చాలాసార్లు చూశాను. మా ముందుగదిలో చూడటం అదే మొదలు. మందు లేకపోతే కాలు ఇంకా మొద్దుబారుతుందని, నేను చెప్పింది మందు మానమని కాదు, బండి దిగమని అని చెప్పాను. ఆయన టీవీ గొంతు పెంచాడు. పిన్ని గేటు తీసిన చప్పుడైంది.

మర్నాడు షాపు తియ్యగానే నరాల డాక్టరుకు ఫోన్ చేశాను. తానూ ఆ మాట స్పష్టంగా చెప్పాననీ, డిపోకు తెలియజేయమన్నాననీ ఆయన అన్నాడు. మందు వేసుకున్నా మానేసినా, తాను పరీక్షించి సరే అనేదాకా స్టీరింగు ముట్టకూడదన్నాడు. నిద్ర తక్కువ తెచ్చే మందు వేరే ఉంది, మనిషిని పంపితే మారుస్తానన్నాడు. చివరికి అడిగాడు, డిపోకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని. అంతవరకు రానివ్వకుండా బాబాయి చేతే చెప్పిస్తాను, ఒక్కరోజు ఆగమన్నాను.

షాపుకు రానని ఓనరుకు కబురు చేసి, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి డ్రైవరు సీటు వెనకే కూర్చున్నాను. బాబాయి అద్దంలో నన్ను చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. ‘విజిల్’ మాత్రం టిక్కెట్టు కొట్టనా వద్దా అని తటపటాయించి, చివరికి కొట్టాడు.

ఊరు దాటగానే మంచు బస్సును మింగేసింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేనట్టు తెల్లగా ఉంది. అక్కడ లోయ ఉందని తెలిసినవాళ్ళకే తెలుసు. నేను ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. గేరు రాడ్డు పట్టుకున్నంతసేపూ అది వణకలేదు. ఆ జబ్బు గుణమే అంత. చెయ్యి ఊరుకుంటే వణుకుతుంది, పనిలో పడితే ఆగుతుంది. అందుకే ఇంట్లో జేబులో దాక్కున్న చెయ్యి ఇక్కడ ధీమాగా బయట ఉంది. వంపులన్నీ ఎప్పటిలాగే తిప్పాడు. పై ఊరు ఇంకాస్త దూరముందనగా ఎదురుగా లారీ లైట్లు కనపడ్డాయి. ఆయన ముందే చూశాడు. చూశాడని ఆయన భుజాలు చెప్పాయి. కాలు మాత్రం చూపు వెనకాల ఒకడుగు ఆలస్యంగా వెళ్ళింది. బస్సు విసురుగా ఆగింది. నిలబడినవాళ్ళు ముందున్నవాళ్ళ మీద పడ్డారు. ఒకావిడ చేతిలోని సంచి దొర్లింది. లారీవాడు అద్దం రాసుకునేంత దగ్గరగా తప్పించుకుపోయాడు. “మంచమ్మా, మంచు” అని ‘విజిల్’ సర్దిచెప్పాడు. బస్సు మళ్ళీ కదిలింది.

పై ఊళ్ళో బస్సు కాసేపు ఆగుతుంది. టీ కొట్టు దగ్గర బాబాయి, నేను పక్కపక్కన నిలబడ్డాం.

“చూశావుగా” అన్నాడు. “స్టీరింగు మీద ఉంటే నాకే జబ్బూ లేదు. చెయ్యి వణికిందా?”

“లేదు. కాలు.”

ఆయన టీ ఊదుకున్నాడు. గ్లాసును కుడిచేత్తోనే పట్టుకున్నాడు.

“డిపోకు ఫోన్ చేసి చెప్పండి” అన్నాను. “బస్సును కిందకి తీసుకెళ్ళడానికి ఇంకో డ్రైవర్ని పంపమనండి.”

“మీరు అంటున్నావు. ఇది నీ షాపా?”

“కాదు.”

“ఇక్కడి మాట ఇక్కడే అన్నావు ఆ రోజు.”

“అన్నాను. ఇంకొకళ్ళ ప్రాణం మీదకు వస్తే ఆ మాట చెల్లదు. మీరు చెప్పకపోతే నేను చెప్పాలి.”

ఆయన మిగిలిన టీ నేల మీద పారబోసి, గ్లాసు పెట్టేసి, బస్సు వైపు నడిచాడు. కిందకి దిగేవాళ్ళు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. వాళ్ళలో బడిపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళు వేసుకున్నవి మా పిన్ని కుట్టిన బట్టలే. ఆయన తన తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నాడు. నేను టీ కొట్టు దగ్గరే నిలబడి డిపోకు ఫోన్ చేశాను. చెప్పింది చాలా తక్కువ. నేనెవరో, బస్సు ఏదో చెప్పాను. డ్రైవరుకు బండి నడపకూడని జబ్బుందనీ, డాక్టరు వద్దన్నాడనీ, వేరే మనిషిని పంపమనీ చెప్పాను. జబ్బు పేరు అడిగారు. అది డాక్టరు చెబుతారన్నాను. డ్రైవరు నీకేమవుతాడని అడిగారు. బాబాయి అని చెప్పాను.

అద్దం లోంచి ఆయన నన్నే చూస్తున్నాడు. నేను ఫోను సంచిలో పెట్టుకున్నాక, తాళంచెవి తీసి ‘విజిల్’ చేతికిచ్చాడు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ప్రయాణికుల తలుపులోంచి మళ్ళీ ఎక్కాడు. వెనకవైపు కిటికీ పక్కన ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాడు. బస్సెందుకు కదలడం లేదని జనం గొణిగారు. కొందరు దిగి టీ తాగారు. పిల్లలకు బడి తప్పుతుందని సంతోషం. కాసేపటికి తర్వాతి బస్సులో ఇంకో డ్రైవరు పైకి వచ్చాడు.

కొండ దిగేటప్పటికి మంచు విడిపోయింది. నేను ముందు కూర్చున్నాను, ఆయన వెనక కూర్చున్నాడు. ‘విజిల్’ తర్వాతెప్పుడో చెప్పాడు. దారంతా బాబాయి లోయ వైపే చూస్తూ కూర్చున్నాడట. ఒక్కసారి మాత్రం, “ఈ పక్క ఇన్ని ఇళ్ళున్నాయేంట్రా?” అని అడిగాడట.

ఇంటికి వెళ్ళి పిన్నికి ఆయనే చెప్పాడు. నేను వంటింట్లో ఉన్నాను. మిషను చప్పుడు ఆగి, చాలాసేపు మళ్ళీ మొదలవ్వలేదు. పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెయ్యి సంగతి మంచు పట్టకముందే చూశానంది. గుండీలు పట్టక స్నానాలగదిలో ఆలస్యమవుతోందని ఒకరోజు తలుపు సందులోంచి చూసిందట. కన్నాలు వెడల్పు చేశాక ఆయనకు తేలికైందా లేదా అని అడిగింది. బాబాయి అదేమిటని అడిగాడు. ఆయన అంతవరకూ గమనించలేదు. చెయ్యే కాస్త బాగుపడిందనుకున్నాడట.

తర్వాత పిన్ని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“నీకు జబ్బు పేరు తెలుసు, నాకు చెయ్యి తెలుసు” అంది. “ఇద్దరం ఒకే ఇంట్లో నోరు మూసుకుని తిరిగాం.”

స్టవ్ మంట తగ్గించి వెళ్ళిపోయింది.

డిపోవాళ్ళు బాబాయిని పరీక్షలకు పంపారు. స్టీరింగు నుంచి తప్పించి, బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ముందొక మైకు. ఏ బస్సు ఎక్కడ నిలిచిందో, ఎటు వెళుతుందో అందులో చెప్పడం పని. నరాల డాక్టరు మందు మార్చాడు. ఆ కొత్త చీటీ మా షాపుకు రాలేదు. బాబాయి మార్కెట్ చివర్న ఉన్న ఇంకో షాపులో తీసుకుంటున్నాడని పిన్ని చెప్పింది. అక్కడి ఫార్మసిస్టు నాకు బాగా తెలిసిన మనిషే. నేను అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. చెప్పకూడదు కూడా.

నాతో మాట్లాడటం ఆయన పూర్తిగా మానేశాడు. కోపంగా ఏమీ కాదు. ఇంట్లో ఒక కుర్చీ పక్కనుంచి నడిచినట్టు నా పక్కనుంచి నడిచేవాడు. నాకేమైనా చెప్పాల్సివస్తే పిన్నికి చెప్పేవాడు. “లైటు తియ్యమను” అనేవాడు, నేను ఎదురుగానే ఉన్నా. పిన్ని మొదట్లో ఆ కబురు నాకు అందించేది. తర్వాత విసుగొచ్చి, “ఎవరు తీశారో లైటుకేం తెలుసు, నువ్వే తియ్యి” అనడం మొదలుపెట్టింది.

తమాషా ఏమిటంటే, ఇంట్లో వినపడని ఆ గొంతు షాపులో రోజంతా వినపడేది. మైకు గొట్టాల్లో ఒకటి సరిగ్గా మా వైపే తిరిగి ఉండేది. నేను ఎవరికో కళ్ళలో చుక్కలు ఎలా వేసుకోవాలో చెబుతుంటే, వెనకనుంచి ఆయన ఫలానా బస్సు సిద్ధంగా ఉందని చెప్పేవాడు. కొండ రూటు బస్సు వచ్చినప్పుడు మాత్రం మిగతావాటికంటే నిదానంగా, ఒక్క స్టాపు కూడా వదలకుండా చదివేవాడు. కొన్నాళ్ళకు ఆ గొంతు గట్టిపడింది. కొత్త మందు పనిచేస్తోందని అలా తెలుసుకున్నాను.

చలి తగ్గుముఖం పట్టింది. దగ్గుల చీటీలు తగ్గి, ఎండకు చర్మం పేలినవాళ్ళు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర ఒకావిడ, “ఏ బస్సు అన్నాడమ్మా, సరిగ్గా వినపడలేదు” అంది. నేనూ అప్పుడే చెవి ఒగ్గాను. ఆయన గొంతు సన్నబడిపోయింది. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, చివరి అక్షరాలు లోపలే ఉండిపోతున్నాయి. చేతిలో ఉన్న మందు సంగతి ఆవిడకు పూర్తిగా చెప్పి పంపించి, ‘ఇప్పుడే వస్తాను’ అన్న బోర్డు తగిలించి, రోడ్డు దాటాను.

కిటికీ గది తలుపు తీసే ఉంది. బాబాయి మైకు ముందు వంగి కూర్చున్నాడు. ఎడమచెయ్యి బల్లమీద దానంతటది కొట్టుకుంటోంది. దాన్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

“మందు ఎప్పుడు వేసుకున్నావు?” అని అడిగాను.

“నిన్నటి నుంచి లేదు” అన్నాడు. “కడుపులో తిప్పుతోంది. అందుకని ఆపాను.”

“ఆ షాపులో చెప్పలేదా? ఖాళీ కడుపున కాకుండా రెండు బిస్కట్లు తిని వేసుకోమని?”

“చెప్పింది. నేను వినలేదు.”

ఆయన చొక్కా జేబులోంచి రేకు తీశాను. పక్క కొట్లో బిస్కట్ల పొట్లం తెచ్చి రెండు తినిపించి, మాత్ర చేతిలో పెట్టాను. నీళ్ళ సీసా మూత తీసిచ్చాను. మింగాడు. అది పనిలోకి దిగడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోగా కొండ రూటు బస్సు వచ్చి ఆగింది. నేను చదవనా అని అడిగితే వద్దన్నాడు. మైకు మీట నొక్కి, తానే మొదలుపెట్టాడు. ఒక్కో ఊరి పేరు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో పేరు. జనం తలలెత్తి గొట్టాల వైపు చూస్తూ విన్నారు. చివరి స్టాపు దాకా చదివాడు.

చదవడం అయిపోయాక మీట ఆపడం మర్చిపోయి, నా వైపు తిరిగాడు.

“కూర్చో. ఎంతసేపు నిలబడతావు?”

ఆ మాట బస్టాండంతా మోగింది. దూరంగా స్తంభం పక్కన మూటతో నిలబడి ఉన్న ముసలావిడ ఒకరు ఉలిక్కిపడి గొట్టం వైపు చూసింది. తర్వాత మూట కింద పెట్టి, దాని పక్కనే బెంచీ మీద కూర్చుంది.

నేను చెయ్యి చాపి మీట ఆపి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.